బోర్లించిన చిప్ప

నసౌవూలో పొద్దు వాలిందని చెప్పడానికి గడియారం అక్కర్లేదు. ఇనప రోట్లో రోకలి పడే చప్పుడు చాలు. ఠంగు ఠంగుమంటూ ఊరి మధ్యలో మొదలై, కొండ మీది చేమదుంపల తోటల దాకా వినబడుతుంది. అది వినగానే మగవాళ్ల మొహాలు విచ్చుకుంటాయి. లనియానా మొహం మాత్రం ముడుచుకుపోతుంది. మొగలాకు చాప అల్లుతున్న ఆమె వేళ్లు ఆ చప్పుడుకి ఒక వరస తప్పుతాయి, విప్పి మళ్లీ అల్లుకోవాలి. ఆ ఏడాది ఆమె అల్లిన చాపల్లో ఎక్కడ వంకర కనబడినా అది ఆ రోకలి పుణ్యమే.

అలాగని ఆ రోట్లో దంచి నీళ్లలో కలిపి తాగే కావా వేరు మీద ఆమెకు పగేమీ లేదు. పగ పెట్టుకున్న మనిషి వాళ్ల కండవు దీవిలో బతకలేడు. ఆమె తండ్రి సాయంత్రం రెండు కొబ్బరిచిప్పలు తాగి, ఉడికించిన కర్రపెండలం తిని, పసిపిల్లాడిలా పడుకునేవాడు. ఆయన గొంతు లేవడం ఆమె ఎన్నడూ వినలేదు. బీరు తాగినవాడు పెళ్లాం మీద చెయ్యి చేసుకుంటాడేమో గాని, కావా తాగినవాడు ఈగను కూడా తోలడు. నీళ్లలో నానిన వేరులా మెత్తబడి, గోడకు ఆనుకుని, లోకంలో అందరూ మంచివాళ్లే అనుకుంటూ కూర్చుంటాడు. ఇదంతా ఆమెకు తెలుసు. ఆమె కడుపుమంట వేరు. ఆమె మొగుడు నేతానీకి ఊపిరితిత్తుల్లో క్షయ అని తేలింది. ఆరు నెలలు రోజూ మాత్రలు మింగాలి. మాత్రలు మింగినన్నాళ్లూ కావా ముట్టకూడదు. ముడితే కాలేయం పోతుంది, కాలేయం పోతే మనిషి పోతాడు. ఇంత చిన్న సంగతి ఊరంతటికీ అర్థమైంది. ఊరంతా అయ్యో అంది. అంటూనే ఊరంతా కలిసి ఆయన చేతికి చిప్ప అందిస్తూ వచ్చింది.

నేతానీ మామూలు మనిషైతే ఏ మూలో కూర్చుని తప్పించుకునేవాడు. ఆయన రాతూ ఎపెలికి నోరు. రాతూ అంటే ఊరికి పెద్ద. అంత పెద్దవాడు సభలో తన నోటితో తాను మాట్లాడకూడదు, పక్కన కూర్చుని నేతానీ మాట్లాడాలి. పడవ దిగిన చుట్టాలను పలకరించాలన్నా, పిల్లనడగాలన్నా, పోయినవాడి పేరు చెప్పి ఊరికి నిషేధం ప్రకటించాలన్నా ఆయన గొంతే లేవాలి. తాత చేసిన పని, తండ్రి చేసిన పని. కావా దగ్గర మొదటి చిప్ప రాతూది, రెండోది నోటిది. రెండోది ఖాళీ అయితేనే మొదటిది తాగినట్టు. అది తాగినట్టు కాకపోతే మూడో మనిషికి చుక్క దక్కదు. నేతానీ తాగనంటే ఊరంతా ఎండిన గొంతులతో ఇంటికి పోవాలి.

"పోతే ఏమవుద్దంట? కొంపలంటుకుంటాయా?" అని లనియానా చాలాసార్లు అడిగింది. అలాంటిది ఎప్పుడూ జరగలేదు కాబట్టి ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

మందులు ఇచ్చే నర్సు అలుమీటా నోరు పెద్దదే గాని మనసున్న మనిషి. రోజూ పొద్దున్నే డబ్బా పట్టుకుని వచ్చి, మాత్ర గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చునేది. మొదటి రోజే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది.

"చూడన్నా, నేను కావా వద్దనే మనిషిని కాదు. మా ఇంట్లోనూ తాగుతారు, నేనూ తాగుతా. వేరు ఒక్కటే దంచి, చల్లటి నీళ్లలో పిసికి, రెండు చిప్పలు తాగి పడుకుంటే దాని దారిన అది పోద్ది. కాండం తొక్కలు కలిపారనుకో, తప్పు. దాని మీద బీరు పోశారనుకో, ఇంకా తప్పు. తాగి పడవ ఇంజను పట్టుకున్నారంటే అసలు బుద్ధే లేనట్టు. నీ చేతులు చూసుకున్నావా? చేప పొలుసుల్లా లేస్తోంది చర్మం. అతి తాగుడు అది, మానితే పోద్ది. కానీ ఈ మాత్రలూ ఆ కావా రెండూ వెళ్లేది ఒక్క కాలేయంలోకే. రెండు పడవల బరువు ఒక పడవలో వేస్తే ఏమవుద్ది?"

"మునుగుద్ది," అన్నాడు నేతానీ బుద్ధిమంతుడిలా.

"ఎవరు మునిగేది?"

"నేనే."

"మరి?"

"ముట్టను సిస్టర్. ఒట్టు."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. అబద్ధాలాడే మొగుడైతే లనియానా ఎప్పుడో దారికి తెచ్చేది. చెప్పిన ప్రతి మాటా మనస్ఫూర్తిగా చెప్పి, ఎదుటివాడి మొహం చూడగానే కరిగిపోయే మనిషితో ఎవరు మాత్రం వేగగలరు?

నాలుగు రోజులు గడప దాటకుండా కూర్చున్నాడు. అయిదో రోజు సాయంత్రం ఇనోసి వచ్చాడు. ఇనోసి లనియానాకు సొంత తమ్ముడే. ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చి ఇక్కడే ఉండిపోయి, ఊళ్లో కావా దంచడం, కలపడం, చిప్ప అందించడం తన పని చేసుకున్నాడు.

"బావా, ఏం కాపురమయ్యా నీది? పెళ్లైన కొత్తలో కూడా ఇంతలా ఇంట్లో కూర్చోలేదు. అక్కడ రాతూ చిప్ప పక్కన పెట్టి నీ చోటే చూస్తున్నాడు. ముసలోళ్ల నాలుకలు పిడచకట్టుకుపోయాయి."

"కట్టుకోనీ," అంది లనియానా. "బావకు మందులు వాడుతున్నారని నీకు తెలీదంట్రా?"

"తెలుసక్కా. అందుకే నిండు పోటు వద్దు, సగం చిప్ప ఆటు చాలంటున్నా. చిప్పలో ఇసక కనబడేంత ఆటు."

"ఆటు రోజుకి పదిసార్లొస్తే సముద్రంలో నీళ్లు తగ్గుతాయేంట్రా? పో అవతలకి."

తమ్ముణ్ని తరిమేసి మొగుడి మీద పడింది. తాగనని దాక్కోవడం కాదు, నేరుగా వెళ్లి రాతూకి చెప్పి సెలవు తీసుకోమంది. నేతానీ చాలాసేపు ఆలోచించాడు.

"చెప్పొచ్చు. కానీ ఉత్త చేతులతో ఎలా వెళ్తానే?"

అది నిజమే. ఆ నేల మీద ఉత్త చేతులతో ఎవరూ ఏదీ అడగరు. పక్క ఊళ్లో అడుగుపెట్టాలన్నా, పడవ అడగాలన్నా, పిల్లనడగాలన్నా ముందు కావా వేళ్ల కట్ట పెట్టాలి. నేతానీ ఇంటి వెనక అయిదేళ్లుగా పెంచుతున్న మొక్కను పెకలించాడు. లనియానా పక్కనే కూర్చుని వేళ్ల సందుల్లో మట్టి తీసి, కడిగి, ఆరబెట్టి, నారతో కట్ట కట్టింది. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆ చేతులు నరుక్కోవాలనిపించేది ఆమెకి. అయినా అప్పుడు తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కదా.

రాతూ ఇంట్లో సభ కూర్చుంది. ఆడవాళ్లు గుమ్మం వైపు, మగవాళ్లు లోపల. నేతానీ కట్ట ముందు పెట్టుకుని మాట్లాడాడు. జబ్బు సంగతి, మాత్రల సంగతి, కాలేయం సంగతి, తాత తండ్రుల చోటు వదిలి పక్కకు జరగాల్సి వస్తున్నందుకు తన గుండె ఎంత బరువెక్కిందో, అన్నీ చెప్పాడు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రాతూ కట్టను తాకి, సెలవిచ్చామని, ఇకమీదట నేతానీకి ఎవరూ చిప్ప అందించకూడదని అన్నాడు. అందరూ అవునవునన్నారు. లనియానా గుండె తేలికపడింది. చల్లగా ఉండాలి మా రాతూ అనుకుంది.

అప్పుడు ఇనోసి ఆ కట్టను విప్పి రోట్లో వేశాడు.

పెట్టిన కట్ట దంచి తాగాలి. తాగకపోతే కోరిక పుచ్చుకున్నట్టు కాదు. కొయ్య తొట్టిలో కావా కలిపారు. మొదటి చిప్ప రాతూ తాగాడు. రెండో చిప్ప పట్టుకుని ఇనోసి వచ్చి నేతానీ ముందు మోకరిల్లాడు. నేతానీ గుమ్మం వైపు చూశాడు. లనియానా తల అడ్డంగా ఊపింది, మెడ నొప్పెట్టేలా ఊపింది. నేతానీ చిప్ప వైపు చూశాడు, రాతూ వైపు చూశాడు. చేతులు దోసిలి చేసి ఒక్కసారి చప్పట్లు కొట్టి, చిప్ప అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. ఖాళీ అని అందరూ అరిచి మూడుసార్లు చప్పట్లు కొట్టారు.

"సిగ్గుందా నీకు?" అంది ఇంటికొచ్చే దారిలో.

"సెలవు అడిగాను, ఇచ్చారు. ఇంకా ఏంటి?"

"తాగి అడిగావు."

"తాగకపోతే అడిగినట్టు కాదు కదే."

దొంగతనం మానేస్తానని ఒట్టు పెట్టుకోడానికి పక్కింటి కొబ్బరికాయ ఎత్తుకొచ్చినట్టుంది ఈ వ్యవహారం. అయితే లనియానాను మండించింది అది కాదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. ఆయన స్థానంలో తను ఉన్నా అదే చేసేదేమో, అది ఆమెను ఇంకా మండించింది.

ఆ తర్వాత తాగడానికి కారణాలకు కొదవేముంది? అవతలి దీవి నుంచి చుట్టాలు దిగారు. వాళ్ల ముందు రాతూకి నోరు లేకపోతే ఎలా, ఈ ఒక్కసారికి అన్నారు. చర్చి పైకప్పు రేకులు వచ్చాయి, తెచ్చినవాళ్లకు మర్యాద చెయ్యాలి, ఈ ఒక్కసారికి అన్నారు. రాతూ మనవడికి పేరు పెట్టారు. ఎవరికి వాళ్లు ఒక్కసారే అడిగారు, నిజమే. లనియానా పాస్టరు దగ్గరికి పోయి మొర పెట్టుకుంది. ఆయన ఓపికగా విని, పెద్దలందర్నీ కూర్చోబెట్టి గట్టిగా మందలిద్దాం అన్నాడు. ఎప్పుడు కూర్చోబెడతారని అడిగితే, "నువ్వో కట్ట పంపించమ్మా, పిలుద్దాం," అన్నాడు. ఆ రోజు ఆమె ఇంటికి రాకుండా సముద్రం ఒడ్డుకు పోయి, ఎవరూ లేని చోట నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. ఎవరిని తిట్టాలో తెలియక అలల్ని తిట్టింది.

ఊరివాళ్లు చెడ్డవాళ్లైతే ఎంత బాగుండేది! ఆయన మంచం పట్టాడని తెలిస్తే చేప తెచ్చేవాళ్లు, పనసపండు లాంటి బ్రెడ్‌ఫ్రూట్ కాల్చి తెచ్చేవాళ్లు, తోటలో కలుపు తీసి పోయేవాళ్లు. ఆయన దగ్గు వింటే వాళ్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. సాయంత్రమైతే మాత్రం ఆ చేతులే చిప్ప ఎత్తేవి. ఇలాంటివాళ్లతో పోట్లాడటం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఒకరోజు పొద్దున నేతానీ మొహం కడుక్కుంటుంటే చూసింది. కళ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి.

అలుమీటా వచ్చింది, ఒక్క చూపు చూసింది, మాత్రలు మళ్లీ డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఎన్ని చిప్పలన్నా?"

నేతానీ పెళ్లాం వైపు చూశాడు.

"దానివైపు చూడకు. నన్ను చూసి చెప్పు."

"కొన్నే సిస్టర్. అన్నీ ఆటే."

"ఆటంట, ఆటు! నీ కళ్లలో పోటొచ్చింది. లే, పడవెక్కు."

ఆస్పత్రి దాకా సముద్రం మంచిగా లేదు. నేతానీ దారి పొడుగునా వాంతులు చేసుకున్నాడు. లనియానా ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని కూర్చుంది. ఏడవడానికి కూడా తీరిక లేదు. ఆస్పత్రి అరుగు మీద చాప పరుచుకుని చాలా రోజులు పడుకుంది. చివరికి కళ్ల పసుపు తగ్గింది. డాక్టరమ్మ చిన్న పిల్ల, కానీ సూటిగా చెప్పింది. ఈసారికి కాలేయం నిలదొక్కుకుంది, మాత్రలు మళ్లీ మెల్లగా మొదలుపెడతాను. ఇంకోసారి కళ్లు పచ్చబడితే ఈ మాత్రలు ఇవ్వలేను. ఇవ్వకపోతే ఊపిరితిత్తులు ఊరుకోవు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు. నేతానీ తల దించుకుని విన్నాడు. లనియానా ప్రతి మాటా మనసులో అచ్చు గుద్దుకుంది.

పడవ దిగిన రోజు మధ్యాహ్నం నేతానీని చాప మీద పడుకోబెట్టి, గంజి కాస్తుంటే వాకిట్లో అలికిడైంది. చూస్తే ఊరి పెద్దలంతా తలలు దించుకుని వరసగా వస్తున్నారు. ముందు రాతూ ఎపెలి, చెప్పుల్లేని కాళ్లతో. ఆయన ఒకరి ఇంటికి నడిచి రావడం లనియానా కాపురానికి వచ్చాక చూడలేదు. వెనక ఆడవాళ్లు. అందరి చివర ఇనోసి, ఒక చేతిలో కావా మొక్క, వేళ్లూ కాండమూ అన్నీ ఉన్న నిండు మొక్క. రెండో చేత్తో భుజాన రోలు.

రోలు చూడగానే ఆమె గంజి కుండ పొయ్యి మీంచి దించేసింది.

లోపలికి వచ్చి అందరూ కింది వైపు కూర్చున్నారు. అది తప్పు ఒప్పుకునేవాళ్లు కూర్చునే చోటు. మాట్లాడాల్సిన నోరు చాప మీద జబ్బుగా పడి ఉంది కాబట్టి రాతూ తన నోటితోనే మాట్లాడాడు. అలవాటు లేక తడబడ్డాడు. "నేతానీ, మా వల్ల తప్పు జరిగింది. మా చిప్పే నిన్ను పడగొట్టింది. నీకు సెలవిచ్చి, మేమే ఆ సెలవు తుంగలో తొక్కాం. మన్నించు," అన్నాడు. అంతే. అంత కన్నా ఆయనకు మాటలు రాలేదు. నేతానీ లేచి కూర్చుని ఏడ్చాడు. ముసలివాళ్లు ఏడ్చారు. అబద్ధం చెప్పకూడదు, ఆ క్షణం ఆమె వాళ్లందర్నీ మన్నించింది. నేతానీ చెయ్యి చాచి మొక్కను తాకి, పుచ్చుకున్నానన్నాడు.

వాకిట్లో రోకలి పడింది. ఠంగు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు. తప్పు ఒప్పుకోడానికి తెచ్చింది కావా. పుచ్చుకున్నట్టు రుజువు కావా. దెబ్బ తిన్నవాడు చిప్ప తాగితేనే మన్నించినట్టు, లేకపోతే రాతూ వచ్చి అవమానపడి తిరిగి వెళ్లినట్టు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. లనియానా ఒక్కొక్క మొహమే చూసింది. అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఒక్కరికీ, ఒక్కరంటే ఒక్కరికీ తాము చేస్తున్నదేమిటో తట్టలేదు.

రాతూ మొదటి చిప్ప తాగాడు. ఇనోసి రెండోది నింపుకుని వచ్చి మోకరిల్లాడు. వాడి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

"బావా, ఆటే పోశాను," అన్నాడు గొంతు తగ్గించి.

నేతానీ చేతులు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. చప్పట్లు కొట్టడానికే. ఆయన చూపు ఎక్కడో ఉంది. చేతులు మాత్రం వాటంతటవే దోసిలి అయ్యాయి. లనియానా ఆ చేతుల్ని చూసింది.

కూర్చున్న మగవాళ్ల ముందు నుంచి నిటారుగా నడవకూడదు. వంగి, మన్నించండి అంటూ పోవాలి. ఆమె వంగలేదు. ఎవరి తలకు బట్ట అంచు తగిలిందో కూడా చూసుకోకుండా పోయి, తమ్ముడి చేతిలోంచి చిప్ప లాక్కుంది. చిప్పలోకి చూసింది. అంచు దాకా నిండి ఉంది.

"ఇదేనంట్రా ఆటు?"

"రాతూ ముందు సగం చిప్ప ఇస్తే బాగోదని..." ఇనోసి నసిగాడు.

"లనియానా!" అన్నాడు నేతానీ.

"నువ్వు మాట్లాడకు. నీ నోరు ఊరికిచ్చేశావుగా." ఆమె రాతూ వైపు తిరిగింది. "అయ్యా, ఈ క్షమాపణ ఎవరికి తెచ్చారు?"

"నీ మొగుడికమ్మా."

"ఆయనకు మీరేం అన్యాయం చేశారు? మీరిచ్చారు, ఆయన తాగాడు. చప్పట్లు కొట్టి మరీ తాగాడు. పడవలో వాంతులు పడ్డది నా ఒళ్లో. ఆస్పత్రి అరుగు మీద కుక్కలా పడుకుంది నేను. రేపు ఈ ఇంట్లో ఒక్కదాన్నే మిగిలిపోయేది నేను. తప్పు నాకు చేశారు. తెస్తే నాకు తెచ్చుకోండి."

గుమ్మం దగ్గర ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఎవరో పెద్దాయన లేవబోతే రాతూ చెయ్యి చూపి ఆపాడు. "నీకే తెచ్చామనుకో," అన్నాడు.

లనియానా ఆయన ఎదుట కూర్చుంది. చిప్ప ఒడిలో పెట్టుకుని, పద్ధతి ప్రకారం ఒక్కసారి చప్పట్లు కొట్టి, మట్టి రుచి, మిరియం లాంటి చురుకు, అన్నీ కలిపి గుక్క తిప్పుకోకుండా మింగేసింది. పెళ్లినాడు తాగింది, మళ్లీ ఇప్పుడే. అలవాటు కొద్దీ మూడుసార్లు చప్పట్లు మోగాయి. ఖాళీ అని ఒక ముసలాయన అరిచి, నాలుక కరుచుకున్నాడు.

"పుచ్చుకున్నాను. ఇప్పుడు నేనో మాట అడుగుతా. ఉత్త చేతులతో అడుగుతున్నానని అనకండి, కట్ట మీరే తెచ్చారు." మూతి తుడుచుకుంది. "నేతానీ చచ్చిపోతే మీరేం చేస్తారు?"

"అదేం మాటమ్మా?"

"చెప్పండయ్యా."

రాతూ ఇబ్బందిగా కదిలాడు. "నూరు రాత్రులు నిషేధం పెడతాం. సముద్రంలో మన పగడపు దిబ్బ మీద గెడ పాతి కొబ్బరాకు కడతాం. అక్కడ ఎవరూ చేప పట్టరు."

"ఎవరైనా తప్పుతారా? ఈ ఒక్కసారికి అని వల వేస్తారా? చిన్న చేపేలే అంటారా?"

"ఎవడు వేస్తాడు? వేసినవాణ్ని సముద్రం ఊరుకుంటదా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన, కోపంగా.

"అదీ. చచ్చినవాడి కోసం నూరు రాత్రులు నోరు కట్టుకోగలరు. బతికున్నవాడి కోసం ఒక్క చిప్ప ఆపలేరు. నాకు మీ సెలవులొద్దు, మీ ఏడుపులొద్దు. ఆ నిషేధమేదో ఇప్పుడే పెట్టండి. ఆయన పోయాడనుకుని పెట్టండి. చేపలు మీరే తినండి, ఆయన చిప్ప మీద పెట్టండి. నేను ఎత్తమనేదాకా ఎత్తకండి."

బయట కోళ్లు గీరుతున్న చప్పుడు వినబడింది. ఒక ముసలాయన, "మరి రెండో చిప్ప?" అని అడిగాడు. అప్పుడు కూడా వాళ్ల బెంగ అదే. లనియానా పళ్లు కొరికింది.

"రెండోది నేల మీద పోద్దాం," అన్నాడు రాతూ నెమ్మదిగా. "నోరు లేనప్పుడు నేలే తాగుద్ది." తర్వాత నేతానీ వైపు చూశాడు. నిషేధం అంటూ పెడితే ప్రకటించాలి. ప్రకటించడానికి ఊళ్లో ఉన్న నోరు ఒక్కటే.

నేతానీ గోడ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. దగ్గు వచ్చింది, ఆగాడు. పోయినవాళ్ల పేరు చెప్పేటప్పుడు ఆయన వాడే గొంతు వేరు. ఆ గొంతే తీశాడు.

"ఈ నేల బిడ్డలారా, వినండి. నేతానీ వెళ్లిపోయాడు. ఆయన చోటు ఖాళీ అయింది. ఆయన చిప్ప బోర్లించాం. దాన్ని ఎవరూ నింపకూడదు, ఎవరూ అందించకూడదు..."

ఎన్నో చావులకు విన్న గొంతు అది. గుమ్మం దగ్గర ఒక ముసలామె అలవాటు కొద్దీ రాగం ఎత్తుకుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక అందరూ. ఇల్లంతా ఏడుపుతో నిండిపోయింది. అందులో వేషం లేదు, నవ్వు లేదు. ఇదే ఇల్లు, ఇదే చాప, ఇవే గొంతులు. ఆయన నిజంగా పోయుంటే ఇలాగే ఉండేది. లనియానా చెయ్యి చాచి నేతానీ మోచెయ్యి పట్టుకుంది, వెచ్చగా తగిలింది. ఆయన గొంతు మధ్యలో తెగింది. తన చావు తనే చాటుకుంటున్న మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు ఊరు చూసింది. ఆ తర్వాత ఆయనకు ఆటు పోస్తానన్నవాడు లేడు.

రాతూ తన చేత్తోనే ఆ చిప్పకు కొబ్బరాకు పీచు కట్టి, బోర్లించి, నిట్రాడకు వేలాడదీశాడు. తొట్టిలో మిగిలిన కావా మాత్రం పారబోయలేదు. అంతా వాకిట్లో కూర్చుని తాగే లేచారు. అది వేరే సంగతి.

వాళ్లు వెళ్లేసరికి ఎండ కొబ్బరి చెట్ల వెనక్కి పోయింది. లనియానా గడపలో కూర్చుంది. పెదాలు తనవి కానట్టున్నాయి, నాలుక మొద్దుబారింది. ఇనోసిని పిలిచి నాలుగు అంటించాలని నోరు తెరిచింది. అంటించాల్సిన మాటలన్నీ గుర్తున్నాయి, వాటి వెనక ఉండాల్సిన మంట మాత్రం లేదు. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. నెలల తరబడి బిగుసుకుని ఉన్న దవడ వదులైంది.

"కోపం తగ్గిందా?" అన్నాడు నేతానీ లోపలి నుంచి.

"తగ్గింది. అదే నాకు ఒళ్లుమంట."

కళ్లు పచ్చబడ్డాక ఆయన మొదటిసారి నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

ఇనోసి వదిలిపోయిన మొక్క కాండం ముక్కలు వాకిట్లో పడి ఉన్నాయి. లనియానా లేచి, కణుపు ఉన్న ముక్క ఒకటి ఏరుకుని, గుమ్మం పక్కనే గుంట తీసి పాతింది.

"అదెందుకే?"

"నిషేధం ఎత్తాలంటే కట్ట పెట్టాలిగా. ఆ కట్ట కోసం."

"పిచ్చిదానా, తోటలో ముదురు మొక్కలు బోలెడున్నాయి కదా."

"దీని వేళ్లే పెడతా."

"అది ముదరాలంటే మూడేళ్లు పడుతుంది!"

"పట్టనీ," అంది లనియానా, మట్టి అరిచేత్తో గట్టిగా నొక్కుతూ.